చేతివణుకు చెప్పని బాధలు

ఇంటిలోని పెద్దవారి చేయి వణకుట ఆరంభించినచో దానిని పదిమందియు చూతురు. కాఫీ గ్లాసు తొణకును, సంతకము వంకరపోవును, చొక్కా గుండీ పట్టు చిక్కదు. ఇంటివారు ఆందోళనపడి వైద్యుని యొద్దకు తీసికొనిపోవుదురు. వైద్యుడు చేతిని చూచి, నడకను చూచి, ఇది పార్కిన్సన్ వ్యాధి యని నిర్ణయించి మాత్రలు వ్రాసి యిచ్చును. చేయి తన సంగతి తానే చెప్పుకొనును గనుక అచట మాటల యవసరము అంతగా ఉండదు.

అయితే ఈ వ్యాధికి కంటికి కనబడని లక్షణములు పెక్కు గలవు. నిద్ర చెడుట, మలబద్ధకము, వాసన తెలియకపోవుట, మనసు క్రుంగుట, లేచి నిలుచున్నప్పుడు కండ్లు చీకట్లు క్రమ్ముట మున్నగునవి అట్టివి. వీనిని రోగి చెప్పవలెను. లేదా ఇంటివారు చెప్పవలెను. చెప్పనిచో ఎంతటి వైద్యునికైనను తెలియుట కష్టము. అవి యేవో, ఏల కలుగునో, వానిని ఎట్లు చెప్పవలెనో ఈ వ్యాసమున తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

పాఠశాల సంచికలో వృద్ధుల వ్యాధి ప్రసక్తి ఏల యని కొందరు అడుగవచ్చును. మన విద్యార్థులలో అనేకులు తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలతో ఒకే కప్పు క్రింద పెరుగుచున్నారు. ఆసుపత్రిలో ఆ పెద్దల తెలుగు మాటను కన్నడములో వినిపించు భారము పెక్కుమార్లు ఈ పిల్లలపైననో వారి తల్లిదండ్రులపైననో పడుచున్నది. కావున ఇది మన కుటుంబములకు దగ్గరి విషయమే.

వ్యాధి చరిత్ర

మన ఆయుర్వేద వైద్యులు కంపవాతమని చెప్పు వ్యాధికిని దీనికిని పోలిక గలదు. లండన్ నగర వైద్యుడగు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు ఆరుగురు రోగులను వర్ణించెను. వారిలో కొందరు ఆయనకు వీధిలో కనబడినవారే. ఈ వ్యాధిలో బుద్ధికిని ఇంద్రియములకును హాని కలుగదని ఆయన తలచెను. అయినను రోగుల నిద్ర చెడుటను, మలబద్ధకమును, నోట చొంగ కారుటను ఆయన గమనింపకపోలేదు. తరువాతి వైద్యులు మాత్రము చిరకాలము చేతివణుకును, కండరముల బిగువును, నడక మందగించుటను మాత్రమే ప్రధానముగ చూచిరి.

20వ శతాబ్దమున ఈ వ్యాధి మర్మము కొంత తెలిసినది. మెదడులో డోపమైన్ అను రసాయనమునకు గల ప్రాధాన్యమును 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ నిరూపించెను. పార్కిన్సన్ రోగుల మెదడులో అది మిక్కిలి తగ్గియుండునని 1960లో వియన్నాలో ఓలె హోర్నికీవిచ్ మున్నగువారు కనుగొనిరి. డోపమైన్ రక్తమునుండి మెదడులోనికి పోజాలదు. దానికి ముందు రూపమగు లెవోడోపా పోగలదు. లోపలికి పోయి డోపమైన్‌గా మారును. 1967లో న్యూయార్కులో జార్జి కొట్జియాస్ దానిని నోటి మందుగా పెద్ద మోతాదులో క్రమముగ ఇచ్చి మంచి ఫలము చూపెను. ఈ లెవోడోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు మన పొలము గట్లపై ప్రాకు దూలగొండి గింజలనుండి వేరుచేసియుండిరి.

మాత్రలవలన నడకయు చేతిపనియు చక్కబడిన పిదప, చక్కబడని బాధలు వెలికి వచ్చినవి. చేయి కుదురుగా నున్నను కొందరు రోగులు సుఖముగ నుండలేదు. కదలికకు సంబంధింపని ఈ లక్షణములను అడిగి తెలిసికొనుటకై 2006లో లండన్ వైద్యుడు రే చౌధురియు ఆయన సహచరులును 30 ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. రోగియే అవునో కాదో గుర్తుపెట్టి వైద్యుని చేతి కిచ్చునది అది. అడుగనిదే ఈ బాధలు బయటపడవని వైద్యలోకము గుర్తించినదనుటకు ఆ పట్టికయే నిదర్శనము.

అవి ఏల కలుగును?

ఫ్రిట్జ్ లూయీ అను వైద్యుడు 1912లో ఈ రోగుల మెదడు కణములలో కొన్ని గుండ్రని ముద్దలను కనుగొనెను. ఆల్ఫా సిన్యూక్లియిన్ అను మాంసకృత్తు పేరుకొనుటవలన అవి యేర్పడునని 1997లో తేలినది. ఈ ముద్దలు కదలికలను నడపు భాగమున మాత్రమే ఉండవు. వాసనను గ్రహించు నాడులలోను, ప్రేగుల చుట్టునుండు నాడులలోను, నిద్రను, రక్తపు పోటును, మూత్రమును అదుపుచేయు నాడీమార్గములలోను ఉండును. పెక్కుమంది యందు ఈ మార్పులు ప్రేగుల నాడులు, వాసన నాడులు, మెదడు క్రింది కాండము మున్నగు చోట్ల ముందు తోచి, తరువాత కదలికల భాగమును చేరునని 2003లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్ ప్రతిపాదించెను. అందరియందును ఇదే క్రమమని చెప్పరాదు. అయినను చేయి వణకుటకు అనేక సంవత్సరములు ముందే కొన్ని లక్షణములు ఏల కనబడునో దీనివలన బోధపడును.

ముందుగా వచ్చునవి మూడు

మొదటిది వాసన తగ్గుట. ఇంగువ పోపు ఘుమఘుమ తెలియదు. పాలు మాడిన సంగతి తెలియదు. కూరలో రుచి లేదని కోడలిపై విసుగు కలుగును. వంటగ్యాసు కారినను తెలియకపోవుట ఇందలి అపాయము. అట్టివారున్న యింట గ్యాసు మీట కట్టుట మరియొకరి బాధ్యతగా ఏర్పరచుకొనవలెను.

రెండవది మలబద్ధకము. ప్రేగుల నాడులు మందగించుటవలన ఇది కలుగును. మన జిల్లాలో జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పుదినుసులు కొదువలేదు. పీచుగల ఆహారము, తగినంత నీరు, రోజూ కొంత నడక మేలుచేయును. చాలనిచో వైద్యుని అడిగి మందు వాడవలెను. ప్రేగు కదలనిచో మాత్రయు సరిగ పనిచేయదు గనుక దీనిని చిన్న విషయమని త్రోసివేయరాదు.

మూడవది నిద్రలో కలను అభినయించుట. ఆరోగ్యవంతునికి కలగను సమయమున కండరములు సడలియుండును. ఆ కట్టు తెగినవారు కలలో ఎవరితోనో పోరాడుచు కేకలు వేయుదురు, చేతులు విసరుదురు, మంచము మీదినుండి పడుదురు. మన పల్లెలలో దీనిని గాలి సోకుట యనుకొని తాయెత్తు కట్టించుట కలదు. నిద్రపరీక్షతో ఈ దోషము నిర్ధారితమైన 1280 మందిని పలుదేశముల వైద్యులు గమనించి 2019లో ఫలితము ప్రకటించిరి. వారి లెక్క ప్రకారము 12 ఏండ్లలో నూటికి సుమారు 73 మందికి పార్కిన్సన్ వ్యాధియో దానికి దగ్గరి మెదడు వ్యాధియో సంక్రమించును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మలబద్ధకము లేని వృద్ధులు అరుదు. జలుబువలనను, కోవిడ్ వలనను వాసన పోవచ్చును. నిద్రలో పలవరించు ప్రతివారికిని ఈ వ్యాధి వచ్చునని భయపడరాదు. ఈ మూడును కలసి కనబడి, నడకలో మాంద్యమును తోడైనప్పుడు వైద్యునితో చెప్పవలసియుండును.

మనసునకు సంబంధించినవి

ఈ రోగులలో సుమారు మూడవ వంతు మందికి వైద్యము కావలసినంత మనోవ్యాకులత కలుగునని పరిశోధకులు చెప్పుచున్నారు. జబ్బు వచ్చెనను విచారము ఇందు కొంత భాగమే. మెదడులోని రసాయనముల లోటే దీనికి కారణమగుట గలదు. కొందరికి దిగులు లేకున్నను దేనియందును ఆసక్తి యుండదు. నిన్నటిదాక దినపత్రిక చదివి చర్చించిన తాతయ్య నేడు దానిని విప్పడు. మనుమడు బహుమతి తెచ్చి చూపినను పలుకడు. పైగా ఈ వ్యాధిలో ముఖకండరములు బిగిసి, లోపల సంతోషమున్నను ముఖమున చిరునవ్వు తోచదు. పిల్లలు దానిని కోపమనుకొందురు, పెద్దలు బద్ధకమనుకొందురు. తాతయ్యకు మీపై ప్రేమ తగ్గలేదు, ఆయన ముఖము కదలుట లేదంతే యని పిల్లలకు విడమరచి చెప్పుట తల్లిదండ్రుల విధి.

వ్యాధి ముదిరినకొలది ఆలోచన మందగించుటయు, కొందరికి మతిమరపు పెరుగుటయు కలదు. కొందరికి లేనివి కనబడును. గదిలో చిన్నపిల్లలు ఆడుచున్నట్లో, పిల్లి పోయినట్లో తోచును. ఇది దయ్యపు చేష్ట కాదు. వ్యాధివలన కావచ్చును, మందు మోతాదువలన కావచ్చును, మూత్రములోని చీమువంటి మరియొక జబ్బువలన కావచ్చును. రోగితో వాదింపక, భయపెట్టక, వెంటనే వైద్యునికి తెలుపవలెను.

శరీరమునకు సంబంధించినవి

పడుకొన్నవారు లేచి నిలువగనే రక్తపు పోటు పడిపోవుట ఈ వ్యాధిలో సాధారణము. నిలుచున్న 3 నిమిషములలోగా పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గినచో దానిని దోషముగ లెక్కింతురు. తల తిరిగి పడుట, తుంటి ఎముక విరుగుట దీని ఫలములు. రాయచూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. చెమటతో నీరు పోయి ఈ బాధ హెచ్చగును. మంచముపై కొంతసేపు కూర్చుండి పిదప లేవవలెను. నీరు తగినంత త్రాగవలెను. పూర్వమునుండి రక్తపు పోటు తగ్గించు మాత్రలు వాడుచున్నవారు ఆ సంగతి వైద్యునికి చెప్పి మోతాదు సరిచూపించుకొనవలెను. కూర్చున్నప్పుడే గాక నిలుచున్నప్పుడు కూడ పోటు చూడుడని అడుగుట మంచిది.

రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట, ఆపుకొనలేకపోవుట, అధికముగ చెమటపట్టుట, భుజము నొప్పి, ఎంత నిద్రించినను తీరని అలసట, పగలు కునుకుపాటు అనునవి తక్కిన బాధలు. భుజము నొప్పికి కీళ్ల వైద్యునియొద్ద నెలల తరబడి తిరిగి, తరువాత ఇది పార్కిన్సన్ వ్యాధి యని తెలిసికొన్నవారు గలరు.

మందుల విషయమున జాగ్రత్తలు

కొన్ని బాధలు మందులవలననే కలుగును. డోపమైన్‌వలె పనిచేయు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అను మందులు కొందరిలో అదుపులేని కోరికలను రేపును. జూదము, అనవసరపు కొనుగోళ్లు, అతిగా తినుట అట్టివి. పెద్దవయసులో ఆయనకు ఈ బుద్ధి ఏల పుట్టెనని కుటుంబము సిగ్గుపడి దాచును, ఆస్తియు పోవును. దాచక చెప్పినచో వైద్యుడు మందు మార్చును. ట్రైహెక్సిఫెనిడిల్ అను పాతమందు వణుకును తగ్గించినను వృద్ధులలో మతిమరపును, మలబద్ధకమును పెంచవచ్చును. వాంతులకు తరచు ఇచ్చు మెటోక్లోప్రమైడ్ ఈ వ్యాధిని ముదిరించును గనుక మందుల దుకాణమున అడిగి కొనరాదు.

లెవోడోపా మాత్రను సాధారణముగ భోజనమునకు అరగంట ముందు వేసికొందురు. పప్పు, గ్రుడ్డు, మాంసములలోని మాంసకృత్తులు దానితో పోటీపడి రక్తములోనికి పోనీయవు. అంతమాత్రమున వానిని మానరాదు. వేళ మార్చిన చాలును. ఏకాదశి యుపవాసమనియో, మాత్రలు అయిపోయినవనియో లెవోడోపాను హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయకరము. దూలగొండి పొడిలోను లెవోడోపా ఉన్నది. దానిని మాత్రలతో కలిపి వాడినచో మోతాదు మితిమీరవచ్చును. వాడుచున్నచో చెప్పవలెను.

మన మాట, వైద్యుని మాట

ఇక మనకు ముఖ్యమగు విషయము. మన జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. తరువాత మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. 1953లో తుంగభద్ర నీరు కాలువల కెక్కిన పిదప కోస్తాజిల్లాల రైతులు సింధనూరు, మానవి ప్రాంతములకు వచ్చి క్యాంపులలో స్థిరపడిరి. ఇక్కడనే తరతరములుగ నున్న తెలుగువారును గలరు. మన పిల్లలు కన్నడము చక్కగ నేర్చుచున్నారు, నేర్వవలెను కూడ. కాని వయసు మళ్లినవారు బాధను చెప్పుకొనునది తెలుగులోనే.

తెలుగు కన్నడములు అక్కచెల్లెండ్రవంటి భాషలు. ఆ పోలికయే ఒక్కొక్కప్పుడు మోసము చేయును. మన వాడుకలో ఆయాసమనగా ఊపిరి ఎగపోయుట. కన్నడములో ఆయాస మనగా అలసట. మనకు నీరసమనగా బలము లేకపోవుట. కన్నడములో నీరస మనగా సారము లేనిది, విసుగు పుట్టించునది. మనకు దిగులనగా విచారము. కన్నడములో దిగిలు అనగా భయము. మనకు సుస్తీ యనగా జబ్బు. కన్నడములో సుస్తు అనగా అలసిపోవుట. అమ్మమ్మ దిగులుగ నున్నదన్నచో మనుమడు అదే మాట చెప్పును; వైద్యుడు భయమని గ్రహించును. విచారమునకును భయమునకును చికిత్స ఒకటి కానక్కరలేదు. కనుక విచారమును బేసర యనియో ఖిన్నతె యనియో చెప్పవలెను. ఊపిరాడకున్నచో ఉసిరాటద తొందరె యనవలెను. లేవగనే తల తిరుగుటను ఎద్దాగ తలె సుత్తుత్తదె యనియు, మతిమరపును మరెవు అనియు, నిద్రలో కేకలను నిద్దెయల్లి కూగుత్తారె యనియు చెప్పినచో పొరపాటుండదు.

మాట తెలిసినను సిగ్గు అడ్డువచ్చును. మామగారి మూత్రబాధను కోడలు, తాతయ్య మలబద్ధకమును పదునాలుగేండ్ల మనుమరాలు పరుల యెదుట చెప్పలేరు. వారు చెప్పుదురని పెద్దవారును ఆ మాట ఎత్తరు. దీనికి కాగితమే మంచి యుపాయము. వైద్యుని చూచుటకు ముందు ఒక వారము దినములు ఇంటిలో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు: మాత్ర వేసికొన్న వేళ, అది పనిచేసినంతసేపు, నిద్ర, విరేచనము, రాత్రి మూత్రమునకు లేచిన లెక్క, తల తిరిగిన సందర్భము, మనసు స్థితి, లేనివి కనబడినచో అవి యేవి, వాడుచున్న ఇతర మందులు, పసరులు, పొడులు. పెద్దవారు తెలుగులో చెప్పగా పిల్లలు వ్రాసి, దాని కెదురుగ కన్నడములో తల్లియో తండ్రియో పూరించినచో, వైద్యుడు కొద్ది నిమిషములలో సంగతి గ్రహించును. సిగ్గుపడవలసిన మాట కాగితముమీదనే ఉండును.

రాయచూరు వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రిలో మొదట చూపించుకొనవచ్చును. ప్రత్యేక చికిత్స కావలసినవారికి బెంగుళూరులోని నిమ్హాన్స్, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ గలవు. పార్కిన్సన్ వ్యాధికి వాడు సఫినమైడ్ అను మందుపై పలుదేశములలో జరిగిన పెద్ద పరిశోధన 2014లో వెలువడినప్పుడు దాని ప్రథమ రచయిత నిజాం సంస్థకు చెందిన డాక్టరు రూపం బోర్గోహైన్. అంతటి వైద్యము మనకు ఒక రైలు ప్రయాణపు దూరములో నున్నది. ఎచటికి పోయినను పుస్తకము వెంట ఉండవలెను.

ప్రపంచమున 2019లో 85 లక్షలకు పైగా జనులు ఈ వ్యాధితో నుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. కాని మలబద్ధకమునకు, నిద్రకు, మనోవ్యాకులతకు, రక్తపు పోటు పడిపోవుటకు చికిత్స గలదు. వానిలో ఒక్కటి చక్కబడినను పెద్దవారి దినము సుఖముగ గడచును.

పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించుటకై మన సంఘము పాటుపడుచున్నది. ఆ చదువునకు ఇంటిలో ఇంతకంటె తగిన వినియోగము మాకు తోచుట లేదు. ఈ సాయంత్రము మీ యింటి పెద్దల ప్రక్కన కూర్చుండి, చేయి ఎట్లున్నదని గాక, రాత్రి నిద్ర ఎట్లున్నది, లేచినప్పుడు తల తిరుగుచున్నదా, మనసు ఎట్లున్నదని అడుగుడు. వారు చెప్పినది వ్రాసికొనుడని మా విన్నపము.